పీట మీది డిస్కు, గేటు బయటి పత్తి

నేను చేసిన పని

నేను సర్వర్ల పనిలో చేరానని చెప్పినప్పుడు మా మేనత్త కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఇంత సదువు సదివి సర్వర్ పని ఏందిరా? గదేదో మన వనపర్తి హోటల్లనే చేస్తె పొద్దుమీకి ఇంటికన్న వస్తవు గద" అంది. ఆమెను ఓదార్చడానికి చాలాసేపు పట్టింది. ఇప్పుడు రిటైరై, వెనక్కి తిరిగి చూసుకుంటే ఆమె మాటలో పెద్ద తప్పేమీ కనిపించదు. హోటల్లో సర్వరైనా, కంప్యూటర్ సర్వరైనా పని ఒకటే. ఎవరో ఏదో అడుగుతారు, లోపలికి పోయి తెచ్చిపెట్టాలి. హోటల్లో సర్వర్ ఆగిపోతే పక్క టేబుల్ సర్వర్‌ను పిలుస్తారు. ఇక్కడ నన్ను పిలిచేవారు. తేడా అంతే.

మా కంపెనీ ఆఫీసు హైదరాబాదులో, నేను వనపర్తిలో, సర్వర్లేమో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడు దిక్కులా. పుస్తకాల్లో సర్వర్ గది అంటే చల్లగా, అద్దాల తలుపులతో, దుమ్ము లేకుండా ఉంటుంది. నేను చూసినవి మెట్ల కింద ఉండేవి, జిరాక్స్ మిషన్ పక్కన ఉండేవి. ఒకచోట వేరుశనగ బస్తాల మధ్య ఉండేది. అక్కడ సర్వర్‌ను ముట్టుకోవాలంటే ముందు ఎలుకల అనుమతి తీసుకోవాలి. నా ప్రమోషన్ల గురించి రాయబోవడం లేదు. వాటిని చూసిన వాళ్లు తక్కువ, చూశామని నమ్మిన వాళ్లు ఇంకా తక్కువ.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తారు. పది మందిలో తొమ్మిది మంది అడిగేది ఒకటే. "సార్, అప్డేట్ పెట్టి రీబూట్ కొడితె మధ్యల ఆగిపోయింది. ఏం చెయ్యాలె?" దీనికి జవాబు సూత్రాలుగా చెబితే మీరు మర్చిపోతారు. నాకు చెప్పినప్పుడు నేనూ మర్చిపోయాను. అందుకే ఒక్క రోజు సంగతి చెబుతాను. దసరా మర్నాడు, నాగర్‌కర్నూలు నుంచి కల్వకుర్తి పోయే దారిలో, ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో జరిగింది. మధ్యలో దారి తప్పి పక్క ఊళ్లు కూడా తిరిగి వస్తాను. ఏం చేయను, నా ఉద్యోగమే అటువంటిది.

పోతూ ఆగిందా, వస్తూ ఆగిందా

ఆ మిల్లు మేనేజర్ పేరు శ్రీశైలం. మంచి మనిషి. మాట మాత్రం మనిషికంటే ముందు పరుగెత్తుతుంది. పొద్దున్నే ఫోన్ చేశాడు.

"సార్, సర్వర్ సచ్చిపోయింది."

"సచ్చిపోయిందా, హ్యాంగ్ అయిందా?"

"హ్యాంగే సార్. హ్యాంగంటె ఉరే గద. ఉరేసుకున్నంక ఇంకేముంటది?"

"అప్డేట్ ఏమన్న పెట్టిన్రా?" అన్నాను.

"సాఫ్ట్‌వేరోళ్లు మొన్న హైదరాబాదుల కూసోనే పెట్టిన్రు. ఒకసారి బంద్ చేసి ఆన్ చెయ్యిమన్నరు. ఎట్లాగు దసరాకు మిషన్లన్ని బంద్ చేసి పూజ చేస్తం గదా అని నిన్న బంద్ చేసినం. ఇయ్యాల ఆన్ చేస్తె తెర మీద గుండ్రంగ తిరుగుతున్నది. తిరుగుతనే ఉన్నది."

"నువ్వు మల్ల బటన్ గిట్ల ఒత్తలేదు గద?"

"ఒత్తబోయిన సార్. మీ మొకం గుర్తొచ్చి ఆగిన."

నా మొహం వల్ల లోకానికి కలిగిన మేళ్లలో అది ముఖ్యమైనది.

ఈ బటన్ సంగతి నాకు నేర్పింది మా మొదటి బాస్. కోపిష్టి మనిషి. ఆయన దగ్గర చేరిన కొత్తలో ఆగిపోయిన మిషన్ దగ్గరికి నన్ను తీసుకుపోయి, "ముందు రెండు చేతులూ జేబుల్లో పెట్టుకో. ఇప్పుడు చూడు" అనేవాడు. ఎండాకాలంలో కూడా చేతులు జేబుల్లో పెట్టుకుని చూసేవాణ్ని. తర్వాత వచ్చిన బాసులు చాలా మంది చూడకముందే చెప్పమనేవారు. ఒకాయనైతే అప్డేట్ వల్ల ఆగిన సర్వర్ గురించి గడియ గడియకూ ఫోన్ చేసి "అప్డేట్ ఏంటి?" అని అడిగేవాడు. "అదేనండీ, అప్డేటే" అనేవాణ్ని. ఆయనకు నవ్వు రాలేదు. నా ఇంక్రిమెంటూ రాలేదు.

రీబూట్‌లో సర్వర్ ఆగిందనగానే మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే. పోతూ ఆగిందా, వస్తూ ఆగిందా? మూతపడుతూ ఆగిపోవడం వేరు, లేస్తూ ఆగిపోవడం వేరు.

గద్వాలలో ఒక కాలేజీ సర్వర్ ఎప్పుడు రీబూట్ చేసినా పోతూ పోతూ ఆగేది. సర్వర్ మూతపడటం అంటే పెళ్లిలో అప్పగింతల వంటిది. అందరికీ చెప్పి కదలాలి. తెరిచిన ఫైళ్లు మూయాలి, పక్క కంప్యూటర్లతో పంచుకున్న ఫోల్డర్లు ఒక్కొక్కటిగా వదలాలి. ఆ కాలేజీలో లైబ్రరీ కంప్యూటర్‌ను ముందే ఆపేసేవారు. మన సర్వర్ దాని దగ్గరికి వచ్చి "పోయొస్త" అనేది. అటు నుంచి "మంచిది" అనే దిక్కు లేదు. మర్యాద తెలిసిన మిషన్ కనుక గుమ్మంలోనే నిలబడిపోయేది. అందరూ అప్డేట్‌ను తిట్టారు. లైబ్రరీ కంప్యూటర్‌ను చివర ఆపండని చెప్పి నేను చాయ్ తాగి వచ్చేశాను. హైదరాబాదుకు పంపిన రిపోర్టులో మాత్రం దాన్ని చాలా పెద్ద మాటల్లో రాశాను.

పోతూ ఆగిన సర్వర్ చేతిలో ఇంకా తెరిచిన ఫైళ్లుంటాయి. అప్పుడు బటన్ ఒత్తడమంటే అన్నం తింటున్న మనిషి ముందు నుంచి పళ్లెం లాగడమే. వస్తూ ఆగిన దానికి చాలావరకు ఆ ప్రమాదం లేదు, ఇంకా వడ్డించనే లేదు కదా. కాకపోతే ఒక్కటి గుర్తుంచుకోండి. లేచేటప్పుడు డిస్కును తనిఖీ చేసుకుంటూ మెల్లగా నడిచే సర్వర్ కూడా పైకి ఆగినట్టే కనిపిస్తుంది. వనపర్తిలో ఒక రక్తపరీక్షల ల్యాబు ఓనరు, తనిఖీ జరుగుతున్న సర్వర్‌ను ఆగిందనుకుని బటన్ ఒత్తాడు. అది మళ్లీ లేచి మొదటి నుంచి తనిఖీ మొదలుపెట్టింది. ఆయన మళ్లీ ఒత్తాడు. నేను పోయేసరికి ఇద్దరూ అలసిపోయి ఉన్నారు.

శ్రీశైలం సర్వర్ నిన్న సక్రమంగా పోయింది, ఇవాళ వస్తూ ఆగింది. అంతవరకు నాకు ఫోన్‌లోనే తెలిసింది. మోటర్‌సైకిల్ తీశాను.

గేటు బయట

మిల్లుకు ఆ ఏడాది అదే మొదటి రోజు. దసరా నాడు పూజ చేసి, మర్నాడు పత్తి తీసుకోవడం మొదలుపెడతారు. నేను చేరేసరికి గేటు బయట రోడ్డు వారన ట్రాక్టర్లు బారుగా నిలబడి ఉన్నాయి. ట్రాలీల నిండా పత్తి. దక్షిణం దిక్కు నుంచి మొగులు నల్లగా కమ్ముకుని వస్తోంది.

ఆ మిల్లు పద్ధతి ఇది. రైతు పేరు సర్వర్‌లో ఎక్కిస్తే టోకెన్ చీటీ వస్తుంది. టోకెన్ వస్తే గేటు తీస్తారు. లోపల ధర్మకాంట మీద ట్రాలీని తూకం వేస్తారు, ఆ తూకం మళ్లీ సర్వర్‌లోకే పోతుంది. తర్వాత రేకుల షెడ్డు కింద పత్తి దించుతారు. సర్వర్ లేకపోతే టోకెన్ లేదు, టోకెన్ లేకపోతే గేటు లేదు. లోపల షెడ్డు ఖాళీగా ఉంది, బయట పత్తి ఆకాశం కింద ఉంది.

వరుసలో రెండో ట్రాలీ మీద ఒకామె నిలబడి, గాలికి లేస్తున్న టార్పాలిన్‌ను కాలితో తొక్కి పట్టుకుంది. పేరు బాలమణి అని తర్వాత తెలిసింది. లింగాల దిక్కు మనిషి. చేను కౌలుకు పట్టింది. అది ఆ ఏడాది మొదటి ఏరుడు. మొదట ఏరిన పత్తి తెల్లగా, పొడిగా, అన్నిటికంటే మేలుగా ఉంటుంది. తడిస్తే రంగు తిరుగుతుంది, తడి పత్తిని మిల్లు ముట్టుకోదు. ఆమె టార్పాలిన్ దారిలో గాలికి చినిగి సగమైంది. మిగతా సగం ట్రాలీ మీద పత్తి తెల్లగా పైకి చూస్తోంది.

"నువ్వేనా మిషన్ మంచిగ చేసే సారు?" అంది నన్ను చూసి.

"నేనేనమ్మా. చూస్త."

"చూసేటోళ్లు పొద్దటికెల్లి శాన మంది ఉన్నరు సారూ. చేసేటోళ్లు కావాలె."

ఆమె ముందున్న ట్రాక్టర్ రైతు నర్సింహ నవ్వాడు. "ఉండక్కా, అప్పుడే బెదిరియ్యకు. సారు ఎనకకు తిరిగి పోతె మనకు ఎనకముంగట ఎవరు లేరు."

"నీకేంది నర్సింహన్నా, కొత్త కవర్ కప్పుకొని రాజా లెక్క కూసున్నవు. నా పత్తి నానుతది."

నేను లోపలికి నడిచాను. నడిచానని రాస్తున్నాను గానీ, ఉరికాను.

చదువుకున్నవాడు చదవలేదు

తెర మీద కంపెనీ బొమ్మ, దాని కింద గుండ్రంగా తిరుగుతున్న చుక్కలు. శ్రీశైలం పక్కన నిలబడి, "అప్డేటే సార్. అప్పటికెల్లి గిట్లనే" అన్నాడు. నేనూ అదే నమ్మాను. అప్డేట్ అయిన మర్నాడు ఏం చెడిపోయినా అప్డేట్ మీదికే పోతుంది. కొత్త కోడలు కాలు పెట్టిన మర్నాడు పాలు విరిగితే పాల సంగతి ఎవరూ అడగరు.

వస్తూ ఆగిన సర్వర్ కనుక ధైర్యంగా బటన్ ఒత్తి ఆపి, మళ్లీ పెట్టాను. పెద్ద సర్వర్లు మన ఇంటి కంప్యూటర్ల లాగా టక్కున లేవవు. ఫ్యాన్లు గర్జిస్తాయి, మెమరీ లెక్కపెట్టుకుంటాయి, ఒళ్లు విరుచుకుంటాయి. అదంతా అయి మొదటి మెనూ వచ్చాక, అప్డేట్‌కు ముందున్న పాత వెర్షన్‌తో లేవమని చెప్పాను. మెనూలో పాతది కూడా ఉంటుంది, ఈ అవసరానికే ఉంచుతారు. లేచింది, నడిచింది, సరిగ్గా అక్కడే ఆగింది. అదే బొమ్మ, అవే చుక్కలు.

ఈ ముక్క రాసి పెట్టుకోండి. పాత వెర్షన్ కూడా అదే చోట ఆగితే తప్పు అప్డేట్‌ది కాదు. సర్వర్‌ను ఏడాది పొడుగునా ఎవరూ ఆపరు. ఆ ఏడాదిలో ఎవరో ఏదో మారుస్తారు, ఏదో తీస్తారు, ఏదో పెడతారు. అవేవీ బయటపడవు. అప్డేట్ కోసం ఆపి పెట్టిన రోజు అన్నీ ఒక్కసారి లేచి కూర్చుంటాయి. నింద మాత్రం ఆ రోజు వచ్చిన చుట్టం మీద.

అప్పుడు గుర్తొచ్చింది, ఎస్కేప్ మీట నొక్కితే ఆ బొమ్మ తప్పుకుని వెనక నడుస్తున్న వరుసలు కనిపిస్తాయని. మొట్టమొదట చేయాల్సిన పని అది. అన్ని డిగ్రీలు చదువుకున్నవాణ్ని, ఎదురుగా ఉన్న ఒక్క వరుస చదవడం మరిచాను. నొక్కాను. ఆఖరి వరుసలో ఉన్నదాని అర్థం ఇది: బ్యాకప్ డిస్కు కోసం ఎదురుచూస్తున్నాను. గడువు లేదు.

గడువు లేదు! ఎవరో పాత కాంట్రాక్టరు, ఆ డిస్కు దొరికేదాకా కదలొద్దని సర్వర్‌కు రాసిపెట్టాడు. ఎంతసేపు చూడాలో రాయలేదు. బయట ఉరిమింది.

"శ్రీశైలం, దీనికి ఒక చిన్న డిస్కు ఉండాలె. నల్ల డబ్బ. పక్కన తగిలించి ఉంటది."

"ఆ, గది మంచిగనే ఉన్నది సార్."

"ఏడుంది?"

"పూజల."

పీట

ఆఫీసు వెనకే పూజ గది. పీట మీద అమ్మవారి పటం, దాని ముందు పానాలు, సుత్తి, జిన్నింగ్ మిషన్ బెల్టు, కాలిక్యులేటర్, వాటన్నిటి నడుమ నా డిస్కు. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ఎర్రదారం చుట్టి, మీద ఒక బంతిపువ్వు, పక్కన జమ్మి ఆకు. నిజం చెప్పాలంటే నేను ఇన్నేళ్లలో ఏ డిస్కునూ అంత శుభ్రంగా చూడలేదు. దీపం దగ్గర మిల్లు ఓనరు తల్లి మాణిక్యమ్మ కూర్చుని ఉంది.

"అమ్మా, గా నల్లడబ్బ జర కావాలె" అన్నాను.

"ఏది? గదా? గది మీ సర్వర్ పిల్ల నాయినా. తల్లిని మోసుకరానీకి కాలేదు. పిల్లను తెప్పిచ్చి పెట్టిన."

"ఆ తల్లి ఇప్పుడు పిల్ల కోసమే ఆగింది అమ్మా."

"ఆగుతది. తల్లి గద."

"ఒక్క నిమిషం తీస్తె..."

"అట్ల ముట్టొద్దు. అయ్యగారు వచ్చి ఉద్వాసన చెప్పి, పీట కదిలిచ్చినంక తీసుకో. అమ్మవారిని సాగనంపకముందు పీట మీదియి లాగుతరా? ఏడాదంత మిల్లుకు అచ్చిరాదు."

"అయ్యగారు ఎప్పుడొస్తరు?"

"ఆత్మకూరుల ఏదో గృహప్రవేశం ఉన్నదని పోయిండు. బస్సు దొరికితె పొద్దుమీకి వస్తనన్నడు."

సర్వర్ డిస్కు కోసం ఆగింది. డిస్కు ఉద్వాసన కోసం, ఉద్వాసన అయ్యగారి కోసం, అయ్యగారు ఆత్మకూరు బస్సు కోసం. ఒకదాని కోసం ఒకటి ఆగే వరుసలు నేను చాలా కంప్యూటర్లలో చూశాను. ఇంత పొందికైనది మాత్రం చూడలేదు.

ఆమెతో వాదించలేదని రాసుకోవాలని ఉంది. వాదించాను. ఆమె ఓపిగ్గా విని, "నీ కంప్యూటర్ అమ్మవారి కంటె పెద్దదా?" అంది.

"కాదమ్మా."

"మరి పెద్దామెను లేవగొట్టుడెందుకు? పోయి ఆ చిన్నదాన్నే బతిమాలుకో."

నాకు దొరికిన సాంకేతిక సలహాల్లో అదొకటి, అదీ సరైనదే. కొత్తగా వచ్చేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే. కస్టమరు ఇంటి ఆచారం మీద విసుక్కోకండి. కరెంటు ఎప్పుడు పోతుందో కనుక్కుని బ్యాటరీ పెడతాం కదా, పూజ ఎప్పుడు వస్తుందో కూడా కనుక్కుని సర్వర్‌ను సిద్ధం చేయాలి. ఆ తర్వాత ఏటా దసరాకు ముందు నా కస్టమర్లందరికీ ఫోన్ చేసేవాణ్ని. "పూజలో డిస్కు పెట్టకండి, మౌస్ పెట్టండి. అదైతే వినాయకుడి వాహనం కూడా." ఒక్కరూ కాదనలేదు.

ఎవరు ఎవరి కోసం

చిన్నదాన్ని బతిమాలుకోవడం నాకు తెలుసు. ఆలోచిస్తే, సర్వర్ లేవడానికి ఆ డిస్కు అవసరమే లేదు. అది సాయంత్రం ఒక కాపీ దాచుకోవడానికి మాత్రమే. లోపలికి దొడ్డిదారిన పోయి, ఆ కాంట్రాక్టరు రాసిన వరుసలో "దొరక్కపోయినా ముందుకు సాగు" అని అర్థం వచ్చే ఒక్క మాట చేర్చాలి. పని చిన్నదే. కానీ అందుకు సర్వర్‌ను ఒకసారి మళ్లీ లేపాలి, మార్చాక ఇంకోసారి లేపాలి. రెండుసార్లూ అది తీరిగ్గా ఒళ్లు విరుచుకుంటుంది. దాన్ని తొందరపెట్టే మంత్రం లేదు.

బటన్ ఒత్తి, ఫ్యాన్లు గర్జిస్తుంటే చేతులు జేబుల్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూశాను. బాలమణి ట్రాలీ మీద మోకాళ్ల మీద కూర్చుని, టార్పాలిన్ లేని దిక్కు తను కప్పుకునే కంబడి పరుస్తోంది. కంబడి చాలలేదు. తలమీది కొంగు తీసి చూసి, ఆకాశం వైపు చూసి, మళ్లీ తలకే చుట్టుకుంది.

సర్వర్‌ను పట్టుకున్న తప్పు ఏమిటి? లేవడానికి అక్కరలేని దాని కోసం ఆగడం. మరి గేటు చేస్తున్నదేమిటి? ఆ మాట తట్టడానికి నాకు అంతసేపు పట్టింది. పొద్దుటి నుంచి అందరం సర్వర్ లేస్తే పత్తి లోపలికి వస్తుందనుకుంటున్నాం. పత్తి తడవకుండా ఉండటానికి సర్వర్‌తో పనేముంది?

బయటికి పోయాను. శ్రీశైలం గేటు దగ్గరే ఉన్నాడు.

"శ్రీశైలం, టోకెన్ దేనికి?"

"కాంటకు సార్."

"షెడ్డు కింద నిలబడనీకి టోకెన్ కావాల్నా?"

"టోకెన్ లేకుంట గేటు తియ్యొద్దని సేటు ఆర్డర్ సార్. పోయినేడు కరెంటు పోతె చేత్తోని చీటీలు రాసిచ్చి లోపటికి తోలిన. ఇద్దరి పత్తి ఒక్క కుప్పల కలిసింది. ఇద్దరు చెరొక దిక్కు నా అంగి పట్టుకున్నరు. ఇగో, గీ గుండీ అప్పుడు పోయిందే."

"దించొద్దు. ట్రాలీ ట్రాలీ లెక్కనే నిలబడుతది. దించకపోతె ఎట్ల కలుస్తది?"

"సేటును అడుగుదామంటె ఫోన్ ఎత్తుతలేడు. రేపు నన్నంటరు గద సార్."

ట్రాలీ మీది నుంచి బాలమణి కేకేసింది. "శ్రీశైలమన్నా, నేను దించ. ట్రాక్టర్ తాళంచెయ్యి నీ జేబుల ఏసుకో. పత్తి నా కండ్ల ముంగట్నే ఉంటది. జర నీడకు పోనియ్యి."

ఈ గోలకు మాణిక్యమ్మ వరండాలోకి వచ్చింది. "ఏంది లొల్లి?"

శ్రీశైలం చెప్పాడు. నేను చెప్పాను. బాలమణి కంబడిని రెండు చేతులా అదిమి పట్టుకుని ఆమె వైపే చూసింది. మాణిక్యమ్మ ట్రాలీని చూసింది, మొగులును చూసింది.

"శ్రీశైలం, నిన్న పూజ ఎందుకు చేసినం?"

"మిల్లు మంచిగ నడవాలెనని అమ్మా."

"మిల్లు దేంతోని నడుస్తది?"

"పత్తితోని."

"మరి పత్తి గేటుకాడ నానుతుంటె లోపట దీపం పెట్టుకొని కూసుందమా? గేటు తియ్యి. నా కొడుకు అడిగితె అమ్మ తియ్యమన్నదని చెప్పు."

గేటు తెరుచుకుంది. కానీ గేటుకు అడ్డంగా మొదటి ట్రాక్టర్ ఉంది, దాని డ్రైవర్ లేడు.

"ఏడి నర్సింహన్నా నీ డ్రైవరు?" అని అరిచాడు శ్రీశైలం.

"చాయ్‌కు పోయిండు. హోటల్ల పాలు కాగలేవంట."

ఇప్పుడు బాలమణి పత్తి పాల కోసం ఆగింది. "నువ్వే ఎక్కరాదే అన్నా!" అంది ఆమె.

"నాకు సక్కగ రాదక్కా. ముంగటికి పోనీకి వస్తది గని ఎనకకు రాదు."

"పోవాల్సింది ముంగటికే గద!"

వరుసంతా గొల్లుమంది. నర్సింహ సిగ్గుపడుతూనే ఎక్కాడు. ట్రాక్టర్ రెండుసార్లు ఎగిరి, మూడోసారి కదిలి, ధర్మకాంట పక్క నుంచి వంకరగా పోయి షెడ్డు చివర స్తంభానికి జానెడు దూరంలో ఆగింది. దాని వెనకే బాలమణి ట్రాక్టర్‌ను ఆమె డ్రైవర్ పోనిచ్చాడు. ఆమె పత్తి మీది నుంచి దిగలేదు, కంబడిని పట్టుకుని అట్లాగే ఊగుతూ వచ్చింది. ట్రాలీ వెనక చక్రాలు షెడ్డు కిందికి రావడం, నెత్తిన రేకుల మీద టపటపమని మొదలవడం ఒకేసారి జరిగాయి. తర్వాత వచ్చిన ట్రాలీలకు కాస్త తడి తగిలింది గానీ, వాటికి కవర్లున్నాయి.

బాలమణి కంబడి ఎత్తి, పత్తిలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, ఒక గుప్పెడు తీసి బుగ్గకు ఆనించుకుంది. పొడిగా ఉంది. అప్పుడు కిందికి దిగింది.

వాన

నేను గదిలోకి పోయేసరికి సర్వర్ ఒళ్లు విరుచుకోవడం ముగించి, నేను లేనని చూసి, మళ్లీ డిస్కు కోసం ఆగి గుండ్రంగా తిరుగుతోంది. ఈసారి నాకు కోపం రాలేదు. తడిసే పత్తి లేనప్పుడు సర్వర్లు బాగుచేయడం ఎంత తేలికో చెప్పలేను. మళ్లీ లేపాను, మెనూ దగ్గర పట్టుకున్నాను, లోపలికి పోయి ఆ ఒక్క మాట చేర్చాను, మళ్లీ లేపాను. బొమ్మ వచ్చింది, చుక్కలు తిరిగాయి, డిస్కు కోసం ఒక్క క్షణం అటూ ఇటూ చూసింది, దొరకలేదు, సాగిపోయింది. మిల్లు పేరుతో నీలం తెర వచ్చింది. టోకెన్ మిషన్ గురగురమంది.

మీకు ఈ పనిలో చప్పట్లు దొరకవు. సర్వర్ లేచినప్పుడు అందరూ దాని వైపే చూస్తారు, మీ వైపు చూడరు. అది బాధ పడాల్సిన విషయం కాదు. నేను ఇన్నేళ్లు తృప్తిగా బతికింది ఆ క్షణాల మీదే. అందరూ మిమ్మల్ని మరిచిపోయి ఎవరి పనిలో వాళ్లు పడ్డారంటే మీ పని అయిపోయిందని అర్థం. అటువంటి మరుపు రోజులు నాకు చాలా ఉన్నాయి, వాటిలో మెరుపు రోజు ఇది.

షెడ్డులోకి వచ్చేసరికి వాన జోరందుకుంది. రేకుల మోతలో మనిషి మాట మనిషికి వినపడటం లేదు. ట్రాలీల మధ్య రైతులంతా చేరి కూర్చున్నారు. చాయ్‌కు పోయిన నర్సింహ డ్రైవర్ తడిసి ముద్దయి వచ్చి, తన ట్రాక్టర్ లోపలికి ఎట్లా వచ్చిందో అర్థంకాక దాని చుట్టూ తిరుగుతున్నాడు. బాలమణి గోతం మీద కూర్చుని సద్ది మూట విప్పింది. జొన్నరొట్టెలు, పల్లీల కారం. నన్ను చూసి ఒక రొట్టె చేతిలో పెట్టింది.

"తిను సారూ. చేసేటోనివే."

నా సర్వీసులో నాకు దొరికిన ప్రశంసాపత్రం అదొక్కటే. వెంటనే తినేశాను.

అప్పుడే శ్రీశైలం ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో టోకెన్లు పట్టుకుని ఉరుకుతూ వచ్చాడు. "లేసింది! మిషన్ లేసింది! నర్సింహన్నా, బాలమణక్కా, రాండ్రి, కాంటకు పోనియ్యిండ్రి!"

అందరం ధర్మకాంట వైపు చూశాం. అది షెడ్డు బయట, ఆకాశం కింద, నిలువునా వానలో ఉంది.

బాలమణి కదల్లేదు. కారం ముద్ద రొట్టెలో పెట్టి మడిచి శ్రీశైలానికి అందించింది.

"కూసో అన్నా. పొద్దటికెల్లి మేమంత దానికోసం ఆగినం. వాన తగ్గేదాక అది జర మాకోసం ఆగుతది తియ్యి."